ఓనరమ్మ ఇంట్లో శాకాహార చేపలు

కొత్తగా జీతం అందుకుంటున్న రోజుల్లో మనిషికి ఎక్కడలేని ధైర్యం ఉంటుంది. నాకైతే మరీను. హిమాయత్‌నగర్‌లో ఒక చిన్న ఆఫీసులో లెక్కలు చూసే పని, అశోక్ నగర్ గల్లీలో మేడమీద నా ఒక్కదానికే ఒక గది, ఆ గదికి వీధివైపు కిటికీ. (ఆ చుట్టుపక్కల ఏ గది తలుపు తట్టినా పోటీ పరీక్షలకు చదివేవాళ్ళే ఉంటారు. అక్కడ ఒక్కరికే గది దొరకడం కంటే గ్రూప్ వన్ కొట్టడం సులువని మా ఆఫీసులో అనేవాళ్ళు.) అంతకుముందు హాస్టల్లో, ఒకరి సబ్బు ఇంకొకరు, ఒకరి దువ్వెన ఇంకొకరు వాడే లోకంలో బతికినదాన్ని కాబట్టి ఆ గదంటే నాకు ప్రాణం. పొద్దున లేవగానే కిటికీ తెరిచి, ఇది నాది అనుకుని, ఆ తర్వాతే పళ్ళు తోముకునేదాన్ని.

ఆ గది నాకు దక్కింది ఒకే ఒక్క షరతు మీద. కింది వాటాలో ఉండే మా ఓనరమ్మ మొదటిరోజే చెప్పేసింది. "చూడు బిడ్డా, గుడ్డు సుత రావొద్దు. నీసు వాసనొచ్చిన్నాడే ఖాళీ చేయాలె. మల్ల నన్ను అనొద్దు." నేను బుద్ధిగా తలూపాను. (ఆదివారాలు నారాయణగూడలో బిర్యానీ తిని, గుప్పెడు సోంపు నములుతూ, ఊపిరి బిగబట్టి ఆమె గుమ్మం దాటి మెట్లెక్కేదాన్ని. అది వేరే సంగతి.)

అలా సాఫీగా సాగిపోతుండగా ఆఫీసులో ఒక పెద్దాయన ఇల్లు మారుతూ తన పాత అక్వేరియం నాకిచ్చాడు. ఉత్త గాజుతొట్టి, అడుగున కాసిని రాళ్ళు. చిన్నప్పటి నుంచి రంగుచేపలంటే పడిచచ్చేదాన్ని. దాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, ఏ చేప ఏ మూల తిరుగుతుందో దారిపొడుగునా ఊహించుకుంటూ వచ్చాను. గేటు దగ్గరే ఓనరమ్మ ఎదురైంది.

"గదేంది?"

"చేపల తొట్టి ఆంటీ. వండనీకె కాదు, చూడనీకె."

ఆమె తొట్టి చుట్టూ ఒకసారి తిరిగింది. "చూస్తందుకైతే సరే. మరి అవేం తింటయ్?"

ఈ ప్రశ్న నాకు అంతవరకూ తట్టలేదు. నేను నీళ్ళు నమిలేలోపే ఆమె తీర్పు ఇచ్చేసింది. "పురుగులు తినేటివి, ఒకదాన్నొకటి తినేటివి నా ఇంట్లకు రావొద్దు. అట్ల గాని జరిగిందనుకో, తొట్టితోని నువ్వు సుత పోవాలె."

"లేదాంటీ, ఇవి శుద్ధ శాకాహారం," అన్నాను, ఇంకా ఒక్క చేపనైనా కొనకముందే.

మర్నాడు సాయంత్రం నారాయణగూడలోని చేపల దుకాణానికి వెళ్ళాను. వరసగా వెలుగుతున్న తొట్లు, బుడబుడమనే నీళ్ళు, ఎటు చూసినా రంగులే. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. దుకాణమాయనకు నేను పెట్టుకున్న పేరు చేపలన్న. "అన్నా, నాన్‌వెజ్ తిననివి కావాలె," అన్నాను. ఆయన చేతిలో వల అలాగే పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"అక్కా, హోటల్ల అడిగే మాట ఈడ అడుగుతున్నవ్."

పరిస్థితి వివరించాను. ఆయనా అద్దెకుండే మనిషే అయి ఉండాలి, వెంటనే అర్థం చేసుకున్నాడు. ఇక నేను వేలు చూపించడం, ఆయన అడ్డం తలూపడం. పొడుగు రెక్కల ఏంజెల్ చేప ముందు నిలబడితే, "అది రొయ్యలను చాక్లెట్ల లెక్క మింగుతది," అన్నాడు. చారల చారల టైగర్ బార్బ్ అందంగా ఉందంటే, "పక్కోని తోక కొరుక్కుంట తిరుగుతది, వద్దు," అన్నాడు. ఫైటర్ సంగతి అడగనే అడగలేదు, పేరులోనే ఉందిగా. చివరికి నల్లటి మోలీలు, రంగు తోకల గప్పీలు, ఎర్రటి చిట్టిరొయ్యలు కొన్ని తేలాయి. "ఇవి పాచి తింటయ్, ఆకుకూర తింటయ్, ఒకదాని జోలికి ఒకటి పోవు. మామూలు మేతల చేపల పొడి కలుస్తది, నువ్వు ఈ నాచు బిళ్ళలు తీస్కపో," అన్నాడు. నీళ్ళ సంచులు రెండు చేతుల్లో వేలాడేసుకుని చిక్కడపల్లి మీదుగా నడిచి వస్తుంటే, ఊరంతా నా చేపలనే చూస్తోందని నాకు గట్టి నమ్మకం.

రొయ్యలను చూడగానే ఓనరమ్మ ముఖం మాడ్చుకుంది. "గివి కూరల ఏస్తరు కదనే," అంది. పాచి తిని బతుకుతాయని చెప్పి, కాస్త ఉడికించిన పాలకూర ఆకు వేసి చూపించాను. మోలీలు ఎగబడ్డాయి, రొయ్యలు చిన్నచిన్న చేతులతో ఆకును పట్టుకుని కూర్చున్నాయి. ఆమె కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూసింది. నాలుగు రోజులు పోయాక తాను వండే పాలకూరలో ఉప్పు వేయకముందే ఆకు తీసి కటోరిలో పైకి తేవడం మొదలుపెట్టింది. రొయ్యలు పొద్దస్తమానం రాళ్ళను తుడుస్తూనే ఉండేవి కాబట్టి వాటి మీద ఆమెకు ప్రత్యేకమైన గౌరవం. "నీ కంటె గివే నయం. నువ్వు ఊడ్చి ఎన్నిరోజులైంది?" అనేది నా గది నాలుగు మూలలూ చూస్తూ. ఏకాదశి రోజున చేపలకూ ఉపవాసమే. భయపడి చేపలన్నను అడిగితే, "అప్పుడప్పుడు కడుపు మాడిస్తే మంచిదే అక్కా, మీ ఓనరమ్మకు మస్తు తెలుసు," అన్నాడు. ఆ మాట చెప్పినందుకు ఆమె నాకు ఫిల్టర్ కాఫీ ఇచ్చింది.

ఇక తన భజన జట్టు ఆడవాళ్ళకు చూపించకుండా ఉండగలదా? ఒక శుక్రవారం సాయంత్రం అందరినీ నా గదిలోకి తీసుకొచ్చి, మంచమ్మీద, కుర్చీలో, కిటికీ గట్టు మీద కూర్చోబెట్టింది. "పాలకూర తప్ప ఇంకోటి ముట్టవు," అని చెబుతుండగా, కొన్నాళ్ళుగా పొట్ట ఉబ్బి మందంగా తిరుగుతున్న పెద్ద మోలీ గాజు పక్కకు వచ్చి ఆగింది. దాని వెనక నుంచి ఆవగింజంత పిల్ల ఊడిపడి, గిర్రున తిరిగి, ఈదుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాత ఇంకొకటి. గదిలో ఒకటే సంబరం. ఒకావిడ చేతులు జోడించింది. నాకు సంతోషంతో ఒళ్ళు పులకరించింది. నా తొట్టిలో, నా గదిలో, నా చేపకు పిల్లలు.

అంతలో ఆ మహాతల్లి వెనక్కి తిరిగి, నోరు తెరిచి, మూడో పిల్లను మింగేసింది.

నాకు హాస్టల్ గది, దాని తడితువ్వాళ్ళతో సహా కళ్ళముందు కనిపించింది. మోలీ ఇంకో పిల్లవైపు తిరిగేసరికి ఓనరమ్మ లేచి చరచరా మెట్లు దిగి వెళ్ళిపోయింది. అద్దె ఒప్పందం కాగితం తేవడానికే అనుకున్నాను. తీరా తిరిగొచ్చినప్పుడు చూస్తే, ఒక చేతిలో పెద్ద గాజు సీసా, ఇంకో చేతిలో టీ వడగట్టే పాత జాలి.

"చూసుకుంట కూసున్నవేందే, పట్టు," అని జాలి నా చేతిలో పెట్టింది. మోచేతుల దాకా నీళ్ళలో ముంచి, రాళ్ళ చాటున నక్కిన పిల్లలను ఒక్కొక్కటే ఏరి సీసాలో వేశాను. వెనక నుంచి ఆమె తిట్లు నడుస్తూనే ఉన్నాయి. కానీ చేపను కాదు, నన్ను. "తొలిచూలు పిల్లను పురుడుకు తల్లిగారింటికి తోల్తరు. గింతమంది ముంగట, అత్తగారింట్ల కంటే దానికి మతి ఎట్లుంటది? కడుపుతోని ఉన్నదని తెలుస్తలేదా? మీదికెళ్ళి దాన్ని అందరం గుడ్లప్పగించి చూసుడు. ఎవరికైన ఎర్రి లేస్తది."

భజన జట్టంతా అవునంటే అవునంది. తప్పు నాదేనని ఏకగ్రీవంగా తేలింది. ఆ సీసాయే ఇకమీదట మోలీ పుట్టిల్లని, పొట్ట పెరగగానే దాన్ని అందులోకి మార్చాలని కూడా నిర్ణయమైంది. (తర్వాత చేపలన్న కూడా అదే పద్ధతన్నాడు. "ముందే చెప్పొద్దా అన్నా," అంటే, "నువ్వు వెజ్ అన్నవ్, వెజ్జే ఇచ్చిన. బాలింతల సంగతి అడగలే కదా," అన్నాడు.)

అందరూ వెళ్ళాక, సీసా ముందు వంగి పిల్లలను చూస్తున్న ఓనరమ్మను మెల్లగా అడిగాను. "ఆంటీ, మరి గది... ఖాళీ చేయాల్నా?"

ఆమె సీసా మీద నుంచి చూపు తిప్పలేదు. "బాలింతను, పసిపోరగాళ్ళను ఇడిసిపెట్టి ఏడికి పోతవ్? పోరలు పెద్దగైనంక చూద్దాం."

మోలీలు ఇంచుమించు నెలకోసారి పిల్లల్ని పెడతాయి. ఆ ఇంట్లో ఏనాడు చూసినా ఎవరో ఒక పోరడు చిన్నగానే ఉండేవాడు. నా పెళ్ళయి నేనే వెళ్ళేదాకా ఖాళీ చేయడమన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఈమధ్యే మేము ఫ్లాటు కొనుక్కున్నాం. తాళంచెవులు చేతికి వచ్చిన రోజున సంతోషం కలిగింది, కాదనను. కానీ ఆ శుక్రవారం సాయంత్రం, తడిచేతులు ఓణీకి తుడుచుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తి, ఇది ఇంకా నాదే అనుకుంటూ వీధిలోకి చూసి పిచ్చిదానిలా నవ్విన ఆ పిల్ల ఉంది చూశారూ, దాని సంతోషంలో ఇది సగం కూడా కాదు.