కిరణం పడిన చోటు

మా ల్యాబులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ముందు పదకొండేళ్లుగా కూర్చుంటున్న మనిషి జయకుమారి. సొంతూరు బాపట్ల, ఇప్పుడు ఇల్లు దేశ రాజధానిలో, జనక్‌పురిలో. వెంట్రుక మందంలో పదివేలో వంతు ఉండే వెండి రేణువులను వేడిచేస్తూ, అవి మారుతుండగానే వీడియో తీసివ్వడం ఆమె పని. ఆ వీడియోలతో పిల్లలు డాక్టరేట్లు పుచ్చుకుని వెళ్లిపోతారు, ఆమె మాత్రం టెక్నీషియన్‌గానే ఉంటుంది. పక్క గదిలో పనిచేసే నాకు అది తలచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆమెకు మండేది మాత్రం బొమ్మ మసకబారినప్పుడే.

ఆ వారం మరీ విసిగిపోయింది. సోమవారం కరెంటు పోయింది. మంగళవారం గోడవతల లిఫ్టు ఆపడం ఎవరో మరిచిపోయారు. అది కదిలినప్పుడల్లా తెరమీద బొమ్మ వణికింది. రీసెర్చ్ విద్యార్థిని ఇషితకు థీసిస్ ఇవ్వడానికి పది రోజులే గడువు. వేడికి రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయన్నదే ఆ పిల్ల మూడేళ్ల పరిశోధన. ఆఖరి వీడియో ఒక్కటే మిగిలింది.

బుధవారం అన్నీ కుదిరాయి. మూడు వందల డిగ్రీల దగ్గర రేణువులు జరిగి, అంటుకుని, ఒక్కటైపోయాయి.

"ఆంటీ, హో గయా!" అంటూ ఇషిత చప్పట్లు కొట్టి, వాళ్లమ్మకు ఫోన్ కలిపింది.

"ఉండమ్మా, పక్కన కూడా ఓ ఫొటో తీద్దాం," అని జయకుమారి నమూనాను కాస్త జరిపింది.

అక్కడ రేణువులు విడివిడిగానే ఉన్నాయి. అదే వెండి, అదే వేడి. మరో చోటికి జరిపింది. అక్కడా అంతే. ఇంతసేపూ ఎలక్ట్రాన్ కిరణం పడిన రేణువులే కలిశాయి. అంటే వాటిని కలిపింది వేడి కాదు, చూడటానికి మేం వాడిన కిరణమే.

ఇషిత ఇంకా ఫోన్లోనే ఉంది. జయకుమారి ఒక్క మీట నొక్కి నమూనాను వెనక్కి జరిపేస్తే ఎవరికీ తెలిసేది కాదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న నేను, సిగ్గులేకుండా చెబుతున్నా, నొక్కేస్తే బాగుండు అనుకున్నాను.

ఆమె ఇషితను పిలిచి చూపించింది.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "నేను బీమ్ తక్కువే పెట్టాను కదా ఆంటీ! ఆప్‌నే బఢాయా, మీరే పెంచారు!"

నిజమే. మూడేళ్ల కిందట, మొదటి రోజు, "ఇంత మసక బొమ్మని ఎవరు నమ్ముతారే?" అంటూ కిరణాన్ని పెంచింది జయకుమారే. అప్పటినుంచి ప్రతి వీడియో అలాగే తీశారు.

"అవును, నేనే పెంచాను," అంది. అక్కడే గైడు విష్ణువర్ధన్ గారికి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. "ఈ పిల్ల తప్పేం లేదండీ. బీమ్ పెంచింది నేనే."

అటునుంచి అరుపు నాదాకా వినిపించింది. "అసలు పక్కకి జరిపి చూడమని మిమ్మల్ని ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు సార్," అంది జయకుమారి. ఆ మాటలో కోపం ఉంది, ఆ కోపమంతా తనమీదే. "మొదటి రోజే జరిపి చూసుంటే, ఈ పిల్లకి మూడేళ్లు మిగిలేవండీ."