మూర్తిగారి సొంత వల

రాజమండ్రి నుంచి భీమవరానికి వారం వారం తిరిగే మనుషులు చాలామందే ఉంటారు గానీ, ఆ తిరుగుడిని ఒక చదువులా చదివిన మనిషి మాత్రం శ్రీరామమూర్తిగారొక్కరే. రొయ్యల మేత అమ్మే కంపెనీలో ఆయన ఉద్యోగం. సోమవారం పొద్దున్నే బస్సెక్కి భీమవరంలో దిగేవారు. స్టేషను దగ్గర లాడ్జిలో దిగి, అక్కడే ఉంచుకున్న మోటారుసైకిలు మీద శనివారం దాకా చెరువులన్నీ చుట్టేవారు. చంకలో ఎప్పుడూ ఒక పొడుగు నోటుపుస్తకం. అందులో కంపెనీకి పనికొచ్చే ముక్క ఒకటుంటే ఆయన సొంత సరదాకి రాసుకున్నవి పది ఉండేవి.

లాడ్జిలో గది చూపిస్తే అందరూ ఫ్యాను తిరుగుతుందా లేదా అని చూస్తారు, కుళాయి తిప్పి చూడాలి అని రాసుకున్నారు. మెట్ల పక్క గది ఊరికే ఇచ్చినా తీసుకోకూడదట. కొత్త ఊళ్ళో ఏ చెరువు ఎవరిదో తెలియాలంటే పంచాయితీ ఆఫీసుకి వెళ్ళడం దండగ, ఐసు ఫ్యాక్టరీ దగ్గర నిలబడితే చాలు. రేపు ఎవరి రొయ్య పట్టుబడికి వస్తుందో ఐసు వాడికి తెలిసినట్టు ఆ రైతు పెళ్ళానిక్కూడా తెలియదు. అన్నిటికన్నా ఆయనకి ముద్దొచ్చిన గమనిక ఇంకొకటుంది. "చెరువెలా ఉందండీ?" అని అడిగితే, "ఏం బాగుందండీ, అంతంత మాత్రం" అని మొహం చిన్నబుచ్చుకున్నాడంటే ఆ రైతు రొయ్య దివ్యంగా ఉందన్నమాట, దిష్టికి భయపడుతున్నాడు. "పర్లేదండి, బానే ఉంది" అని నవ్వాడంటే మాత్రం వెంటనే గట్టెక్కి చూడాలి.

విచిత్రమేమిటంటే, ఇంత తెలిసిన మనిషి జన్మలో రొయ్యని నోట పెట్టలేదు. అమలాపురం పక్క అగ్రహారంలో పుట్టి, కోళ్ళ మేత కంపెనీలో చేరి, ఆ కంపెనీ రొయ్యల మేతలోకి దిగితే తనూ దిగారు. "తినని వాడికి రుచేం తెలుస్తుందండీ?" అని రైతులు ఏడిపిస్తే, "తినేవాడు కూర వరకే చూస్తాడండీ, నేను రొయ్యని చూస్తాను" అనేవారు. నిజమే. రొయ్యని వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకెత్తి, దాని పేగులో మేత గీత నిండుగా ఉందో తెగిపోయిందో చూసేవారు. చూసినంతసేపూ ఆయన మొహం సినిమా హాల్లో పిల్లాడి మొహంలా ఉండేది.

అలా చూడాలంటే గట్టెక్కాలి. మేత కంపెనీ మనిషిని రైతు గట్టెక్కనివ్వలేదంటే ఇక వాడు ఇంటికి పోవలసిందే. మూర్తిగారిని మాత్రం ఎక్కనివ్వని రైతు లేడు. దానికి కారణం ఆయన మర్యాద. ఒకరింటికి వెళ్తే మంచినీళ్ళు కూడా అడగొద్దు, వాళ్ళే ఇస్తే తాగు అని చెప్పి పెంచింది వాళ్ళమ్మ. ఆ పెంపకంలో పెరిగిన మనిషికి రైతు దగ్గర వల అడగడం కూడా పెద్ద మొహమాటమైపోయింది. విసురువల ఎక్కడో కాపలా పాకలో ఉంటుంది, చెరువుకి ఆ కొస నుంచి ఎవరో మోసుకుంటూ రావాలి. తన కోసం ఒకళ్ళని పరిగెత్తించడమా! నరసాపురం వెళ్ళి చిన్న విసురువల ఒకటి కొనేసుకున్నారు. రాజమండ్రిలో ఇంటి మేడ మీద మూడు నెలలు విసరడం నేర్చుకున్నారు. నీళ్ళు లేని మేడ మీద వల విసిరే మొగుణ్ణి చూసి భార్య అమ్మణ్ణి సిగ్గుతో చచ్చిపోయింది. "పక్కవాళ్ళు అడుగుతున్నారండీ, ఏం పడ్డాయని!" అని గొడవపెట్టేది.

ఆ వల ఆయనకి పేరు తెచ్చింది. పసుపుపచ్చ సంచిలో మోటారుసైకిలుకి వేలాడుతూ, ఒక చెరువు నీళ్ళు కారుస్తూ ఇంకో చెరువుకి వెళ్ళేది. సొంత వల తెచ్చుకుని, మనల్ని ఇంత కష్టపెట్టకుండా చూసిపోయే మనిషి ఇంకెవరున్నారు అని రైతులు మురిసిపోయేవారు. కాళ్ళ దగ్గర ఎనిమిదెకరాల చెరువున్న పెద్దిరాజుగారైతే, "మూర్తిగారు వస్తే చుట్టం వచ్చినట్టేనండి. అదీ ఖర్చులేని చుట్టం" అని అందరికీ చెప్పేవాడు. ఈయన కోసం ఇంటి నుంచి వేరే చెంబులో మజ్జిగ తెప్పించి ఉంచేవాడు.

ఆ వలని వద్దన్న మనిషి ఒక్కతే. మొగల్తూరు దగ్గర అయిదెకరాల చెరువు తనే దగ్గరుండి చేయించుకునే పెద్దింట్లమ్మగారు. మూర్తిగారు సంచి విప్పబోతుంటే చెయ్యి అడ్డంపెట్టి, "మా చెరువుకి మా వల ఉందండి. పక్కింటి గరిటె తెచ్చి మా పులుసులో తిప్పుతానంటే ఊరుకుంటామేంటండీ?" అంది. గట్టు మీద ఉన్నవాళ్ళు నవ్వారు. మూర్తిగారూ నవ్వి ఆవిడ వలే విసిరారు. సాయంత్రం లాడ్జిలో కూర్చుని "పెద్దింట్లమ్మగారు. గట్టి మనిషి. అక్కడ సొంత వల సాగదు" అని రాసుకున్నారు. అది తొంభై మూడో సంవత్సరం.

తొంభై అయిదు వానల్లో తెల్లమచ్చ జబ్బు వచ్చింది. నిన్న మేత బాగా తిన్న రొయ్య ఇవాళ గట్టువారకి వచ్చి మందంగా తచ్చాడేది. తీసి చూస్తే తల పెంకు మీద సున్నం చల్లినట్టు తెల్లటి చుక్కలు. రెండు మూడు రోజుల్లో చెరువు మొత్తం తేలిపోయేది. కొందరు కాలవ నీళ్ళన్నారు, కొందరు చెరువులో వదిలిన రొయ్యపిల్లలోనే ఉందన్నారు, కొందరు కొంగల్ని తిట్టారు. మీ మేతలోనే ఏదో కలిసిందని మూర్తిగారి మొహం మీదే అన్నవాళ్ళూ ఉన్నారు. ఆయన కోప్పడలేదు. మేత కాదని ఆయనకి తెలుసు, వేరే కంపెనీ మేత వేసిన చెరువులూ పోతున్నాయి. మరైతే ఎలా వస్తోంది? ఆ ప్రశ్న ఆయన్ని అన్నం తిననివ్వలేదు. భయం కన్నా, బాధ కన్నా ముందు ఆ మనిషికి కలిగింది కుతూహలం. ఇది చెప్పుకోవడానికి బాగుండదు గానీ నిజం అదే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం వాన కురుస్తుంటే కదలడానికి లేక లాడ్జి గదిలో కూర్చుని నోటుపుస్తకం తెరిచారు. పోయిన చెరువుల పేర్లు ఒక కాగితం మీద వరసగా రాశారు. పెద్దిరాజుగారి చెరువులో తెల్లచుక్కలు కనపడ్డాయని ఆ పొద్దున్నే టీకొట్టు దగ్గర విన్నారు. పట్టుబడికి ఇంకో పది రోజులే ఉన్న చెరువది. ఆ పేరు అయిదోది.

ముందు కాలవల్ని పట్టుకుని చూశారు. కుదరలేదు. పెద్దిరాజుగారికి నీళ్ళొచ్చే కాలవ వేరు, ఆకివీడు వైపు చెరువులకొచ్చేది వేరు. పిల్ల తెచ్చిన చోట్లూ వేరు వేరు. కొంగలు అనుకుంటే, మధ్యలో ఉన్న పాతిక చెరువుల్ని వదిలేసి ఈ అయిదింటి మీదే వాలే కొంగ ఏముంటుంది? చివరికి ఊరికే, ఏమీ తోచక, తను ఏ రోజు ఎక్కడికి వెళ్ళారో ఆ పేజీ తీశారు. పోయిన వారం గురువారం. పొద్దున ఆకివీడు పక్క చెరువులో వల వేశారు. రొయ్య కాస్త మందంగా ఉందని రాశారు కూడా. ఆ తర్వాత రెండు చెరువులు, భోజనం, ఇంకొకటి, ఆపైన పెద్దిరాజుగారిది, ఆఖర్న పెద్దింట్లమ్మగారిది.

కాగితం మీది పేర్లు, పుస్తకంలో పేర్లు ఒకే వరసలో ఉన్నాయి. చెరువులు పోయిన వరసే ఆయన వెళ్ళిన వరస. ఆరోది మాత్రం పోలేదు.

మూర్తిగారు గది మూల చూశారు. మేకుకి పసుపుపచ్చ సంచి వేలాడుతోంది. కింద గచ్చు మీద చిన్న తడి మరక. చాలాసేపు ఆ మరకని చూస్తూ ఉండిపోయారు.

వానలోనే బయల్దేరి మొగల్తూరు వెళ్ళారు. గట్టెక్కకుండా రోడ్డు మీదే నిలబడి, "అమ్మా, రొయ్య ఎలా ఉందండీ?" అని కేకేశారు. పెద్దింట్లమ్మగారు గొడుగు కింద నుంచి, "ఏం బాగుందండీ, అంతంత మాత్రం" అంది దిగులుగా. ఆ మాట విని మూర్తిగారికి ఏడుపొచ్చేసింది.

భీమవరం వచ్చి బూత్ నుంచి మేనేజరుకి ఫోను చేశారు. అవతలి మనిషి అంతా విని, "మూర్తిగారూ, సైంటిస్టులే తేల్చలేదు, మీరు తేల్చేశారా? ఇంకా వంద దారులుంటాయి. ఈ మాట బయటికొస్తే మీతో పాటు మన వాళ్ళెవర్నీ గట్టెక్కనివ్వరు. ఊరుకోండి" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. తన వలే కారణమని మూర్తిగారు కూడా రుజువు చేయలేరు. అయితే, ఇంకా బతికున్న చెరువులు పదకొండు ఆయన పుస్తకంలో ఉన్నాయి. శనివారం నాలుగు చూడాలి. చెప్పకుండా వల మానేయొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ తడి వలతో తిరిగేవాడు ఆయనొక్కడే కాదు. ఆయన్ని చూసి మిగతా కంపెనీల కుర్రాళ్ళు కూడా సొంత వలలు కొన్నారు.

మర్నాడు పొద్దున్న ముందు పెద్దిరాజుగారి దగ్గరికే వెళ్ళారు. చెరువు వాసన రోడ్డు మీదికే వస్తోంది. పెద్దిరాజు పాక ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మూర్తిగారు గట్టు కిందే ఆగి, నోటుపుస్తకం తెరిచి ఆ పేజీ చదివి వినిపించారు. ఒక్క ముక్క దాచలేదు.

పెద్దిరాజు అంతా విన్నాడు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదండీ?"

"తెలిసేది కాదండి."

"మరెందుకు చెప్పారండీ?"

"వచ్చే పంటకి ఎవరో ఒకరు తడి వల పట్టుకుని మీ గట్టెక్కుతారు కదండీ. మీరు మర్యాదకి వద్దనరు."

పెద్దిరాజు లేచి పాకలోకి వెళ్ళి మజ్జిగ చెంబు తెచ్చి, గట్టు దిగి ఇచ్చాడు. "తాగండి, ఎండన పడి వచ్చారు" అన్నాడు. తాగాక చెంబు తీసుకుని, "ఇంక గట్టు మాత్రం ఎక్కకండి మూర్తిగారూ" అన్నాడు. తిట్టి ఉంటే ఆయనకి ఇంత బాధ ఉండేది కాదు.

ఆ పై వారమంతా పదకొండు గట్ల కింద నిలబడి అదే మాట చెప్పారు. కొందరు "వలేంటండీ బాబూ, మీకు బెంగ పట్టుకుంది" అని నవ్వారు. ముగ్గురు మేత మార్చేశారు. ఒకాయన మొహం తిప్పుకున్నాడు. మిగతావాళ్ళు మాత్రం మర్నాటి నుంచి ఎవరు వచ్చినా "మా వల ఉందండి" అనడం మొదలుపెట్టారు. వలని మూర్తిగారు ఇంటికి తీసుకెళ్ళి ఎండలో పడేస్తే, అమ్మణ్ణి దాన్ని పెరట్లో కట్టి చిక్కుడు పాదు ఎక్కించింది.

మేనేజరు కోప్పడ్డాడు గానీ ఉద్యోగం తీసేయలేదు. ఆ తర్వాత అయిదు నెలలు మూర్తిగారు రోడ్డు మీద మనిషైపోయారు. మోటారుసైకిలు రోడ్డు మీదే ఆపి, రైతు పై నుంచి చెప్పింది విని రాసుకునేవారు. పుస్తకంలో ఒక కొత్త పేజీ చేరింది. తడి వస్తువేదీ చెరువు దాటించకూడదు, చెప్పులైనా సరే. ఆ కింద ఇంకో వాక్యం: "రైతుని కష్టపెట్టకూడదనుకున్నాను. అడిగి ఉంటే ఎంత కష్టమై ఉండేదో ఇప్పుడు లెక్కేసుకుంటే, నాలుగడుగుల నడక." రొయ్యని వెలుతురుకెత్తి చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకి రోజులతో సహా తెలుసు.

తొంభై ఆరు ఫిబ్రవరిలో ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఎవరో చెప్పారు, పెద్దిరాజుగారు ఒకసారి రమ్మన్నారని. వెళ్ళి ఎప్పటిలా రోడ్డు మీద ఆగారు. పెద్దిరాజు పై నుంచి, "అక్కడే నిలబడ్డారేంటండీ? రండి" అన్నాడు.

గట్టు మొదట్లో ఒక ప్లాస్టిక్ తొట్టి, అందులో గులాబీ రంగు మందు నీళ్ళు. పక్కన రెండు జతల రబ్బరు చెప్పులు. మూర్తిగారు తన చెప్పులు రోడ్డు మీదే వదిలి, కాళ్ళు తొట్టిలో ముంచి, ఆ చెప్పులు వేసుకుని పైకెక్కారు. మోటారు షెడ్డు గోడకి ఒక మేకు, మేకుకి కొత్త విసురువల.

"ఇది ఈ చెరువు వలండి. ఈ గట్టు దిగదు" అన్నాడు పెద్దిరాజు.

మూర్తిగారు సంతోషం పట్టలేక వల అందుకోబోయారు. పెద్దిరాజు చెయ్యి అడ్డంపెట్టాడు.

"అలా కాదండి. అడగండి."

నలభై ఎనిమిదేళ్ళు వచ్చిన మనిషి, ఏ ఇంట్లోనూ గ్లాసుడు మంచినీళ్ళు అడగని మనిషి, గొంతు సవరించుకున్నారు. చిన్నపిల్లాడిలా ఒకసారి నేల వైపు చూశారు.

"పెద్దిరాజుగారూ, కాస్త మీ వల ఇప్పిస్తారా?"

పెద్దిరాజు మేకు మీంచి వల తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఈ మాట మొదటి రోజే అడిగుంటే బావుండేది కదండీ" అన్నాడు.