ఊడ్చిన తోట

చిన్నత్త పోయిందని భావనపాడు దగ్గరి ఊరి నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. మా అత్తగారి చెల్లెలు. పిల్లలు లేరు. భర్త పోయాక ఆవిడకు మిగిలింది జీడితోట ఒక్కటే. దాన్నీ కొత్త రోడ్డు కోసం ప్రభుత్వం తీసుకుంది. భూమికి డబ్బు ఇచ్చారు గానీ చెట్లకు ఇవ్వలేదు. అది సరిచేస్తారని ఎదురుచూస్తూనే ఆవిడ వెళ్లిపోయింది.

రాలిన ఆకుల్లో జీడిపిక్కలు దాక్కుంటాయని రోజూ తోట ఊడ్చేది. నేను నవ్వితే, "వంటింట్లో డబ్బాడబ్బాకీ పేరు అంటించుకున్నదానివి, నువ్వేటి నవ్వుతావే?" అనేది.

తుపానుకు ఆ చెట్లన్నీ నడుముకు విరిగాయి. అక్కడివాళ్లు అలాంటి జీడిచెట్లను పీకేయరు. మొదలు ఉంచి పైది కోసేస్తారు, మళ్లీ చిగురిస్తాయి. రోడ్డులో పోయే చెట్లు లెక్కపెట్టడానికి అధికారులు వస్తున్నారని తెలియగానే చిన్నత్త కూలీలతో విరిగినవన్నీ కోయించి, కొమ్మలు తీయించి, తోటంతా ఊడ్చింది. "ఆఫీసర్లొస్తన్నారు, సెత్తలో నడిపిస్తామేటి?" అంది.

వాళ్లు మొదళ్లను లెక్కచేయక, శుభ్రమైన ఇసుక నేలను చూసి 'ఖాళీ భూమి' అని రాసుకుపోయారు. పక్కతోట ఆయన బద్ధకంకొద్దీ దేన్నీ ముట్టుకోలేదు. ఆయన తోటలో విరిగిన చెట్లన్నీ లెక్కలోకి వచ్చాయి. "వదినా, నీ సీపురు సెట్లని తినేసిందే!" అన్నాడు నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు.

ఆవిడను వెంటబెట్టుకుని ఎన్నిసార్లు ఆఫీసుకు తిరిగానో. ఒక బల్ల దగ్గరికి వెళ్తే ఇంకో బల్ల చూపించేవారు. చివరికి ఒకాయన, "చెట్లున్నట్టు ఫొటోలున్నాయా?" అని అడిగాడు.

"సెట్టుకి ఫొటో తీయించుతామేటి బాబూ? అదేటి పెళ్లికొడుకా? మొదళ్లున్నాయి, వొచ్చి సూడు."

"మొదళ్లకు ధర లేదమ్మా."

మెట్లు దిగుతూ నన్నడిగింది: "తప్పు రాసింది ఆళ్లు. రుజువు నాను తేవాలేటే?"

భూమి ఇవ్వనని ఆవిడ ఏనాడూ అనలేదు. రోడ్డు అందరికీ కావాలనే అంది. తన చేత్తో పెంచినవాటిని లేవనొద్దని మాత్రమే అడిగింది. చూడటానికి ఒక్కరూ రాలేదు.

దహనం అయ్యాక తోట వైపు వెళ్లాను. రోడ్డు పని ఇంకా మొదలే కాలేదు. ప్రభుత్వం వేసిన ముళ్లకంచె అవతల మొదళ్లన్నీ గుబురుగా లేచి పూత మీదున్నాయి. కంచె ఇవతల, లోపలికి వెళ్లనివ్వని నాటి నుంచి ఆవిడ ఊడుస్తూ వచ్చిన నేల సన్నటి పట్టీలా ఉంది. ఇసుకలో చీపురు గీతలు ఇంకా చెదరలేదు. వాటి మీద, లేవని రాసిన చెట్ల ఆకులు ఒక్కొక్కటే రాలుతున్నాయి.