వాపు పక్షాన నా వాదన

బెంజ్ సర్కిల్‌లో సిటీ బస్సు దిగబోయి పడి, మోకాలి కింది ఎముక విరగ్గొట్టుకున్నాను. గవర్నర్‌పేటలోని డాక్టరుగారు కట్టు వేసి, వాపునూ నొప్పినీ తగ్గించే మాత్ర ఐదు రోజులకు రాశారు. కాలేజీ డిబేట్లలో ఎదుటిపక్షాన్ని నిలదీయడమే పనిగా పెరిగినదాన్ని, మందుచీటీని మాత్రం ఎలా వదిలిపెడతాను?

“ఎముక అతుక్కోవడం వాపుతోనే మొదలవుతుందని చదివానండీ. దాన్నే అణిచేస్తే అతుకు ఆలస్యం కాదా?”

“మంచి ప్రశ్నేనమ్మా. చాలాకాలం వాడితే కావచ్చని అనుమానం ఉంది, గట్టిగా తేలలేదు. ఐదు రోజులకు ఏం కాదనుకుంటాను. అంత భయమైతే పారాసెటమాల్ ఒక్కటే వేసుకో.”

ఆయన ఒప్పుకున్నది సగమే అయినా, గెలుపు పూర్తిగా నాదేనని తీర్మానించుకున్నాను. ఆరు వారాల తరువాత ఎక్స్‌రేలో ఎముక అతికి కనబడాలి. నాకు కావలసింది అదొక్కటే.

అమ్మ మందుల షాపు నుంచి మాత్రలు తెచ్చింది. అక్కడ స్ట్రిప్పు మొత్తం ఇవ్వరు, అడిగినన్నే కత్తెరతో కత్తిరించి ఇస్తారు. ఆ ముక్కను వెనక్కి తిప్పి చూశాను. ‘పారాసెటమాల్ టాబ్లెట్లు’ అని ఉంది. నిశ్చింతగా వేసుకున్నాను. నొప్పి ఆశ్చర్యంగా తగ్గింది.

ఇక పరామర్శకు వచ్చిన ప్రతివారికీ ఉపన్యాసమే. పాపం వాపుకు నోరు లేదు కనుక దాని తరఫున నేనే మాట్లాడాను. ఎముక అతికిస్తాయని ఉయ్యూరు నుంచి నల్లేరు కాడలతో దిగి, రోజూ వాటితో పచ్చడి నూరుతున్న అమ్మమ్మ అంతా విని, “కట్టు కాలికేశారు గానీ, వెయ్యాల్సింది ఆ నోటికి” అంది. డిబేట్లో సమయం ముగిస్తే గంట కొడతారని ఒకసారి పొరపాటున ఆమెకు చెప్పాను. ఆనాటి నుంచి నేను నోరు తెరిచిన కాసేపటికే స్టీలు గ్లాసుపై చెంచా మోగేది.

ఆరో రోజు ఉదయం అమ్మ మరికొన్ని మాత్రలు తెచ్చింది. ఈసారి అదే స్ట్రిప్పులో మిగిలిన మొదటి ముక్క వచ్చింది. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చదివాను: ‘ఏసిక్లోఫెనాక్ మరియు పారాసెటమాల్ టాబ్లెట్లు’. నేను వద్దన్న, వాపును అణిచే రకం మందే అందులో సగం.

“అమ్మా! ఏమని అడిగావు?”

“పారాసెటమాలే అడిగాను. కాలు విరిగిందనేసరికి షాపతను ‘వట్టిది ఏం ఆనుతుందమ్మా, ఇది వెయ్యండి’ అన్నాడు. బాగానే పనిచేసిందిగా!”

వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన నవ్వాపుకుంటూ, “నేను రాసిన కోర్సే పూర్తి చేశావన్నమాట. ఇంక ఆపెయ్” అన్నారు.

ఆపేశాను, ఉపన్యాసాలతో సహా. మిగిలిన వారాలన్నీ కట్టు వంక అనుమానంగా చూస్తూ గడిపాను.

ఆరు వారాలకు ముగ్గురం డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఎక్స్‌రేలో విరిగిన చోటు చుట్టూ తెల్లని మబ్బులా కొత్త ఎముక కనబడింది.

“నల్లేరు!” అంది అమ్మమ్మ.

“మాత్రలు!” అంది అమ్మ.

ఒక్క కాలు ఎవరి వాదననూ రుజువు చేయదని చెప్పబోయి, అందులో నా వాదనా కలుస్తుందని గుర్తొచ్చి తగ్గాను. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది.

“ఆ మాత్ర వేసుకోకపోతే ఇంకా త్వరగా అతికేదేమో కదండీ?”

“ఏమో! అది తేలాలంటే నువ్వు రెండో కాలు కూడా విరగ్గొట్టుకోవాలి. ప్రస్తుతానికి కర్ర సాయంతో నడువు” అన్నారు డాక్టరుగారు.

బదులు చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మమ్మ తన చేతికర్రతో నేలపై ఒక్కటి కొట్టి, ఆ కర్రే నా చేతిలో పెట్టింది.

“టైమైపోయిందే. లే, నడువు.”