ఆత్మకూరులో రాసిన అక్కి

దయ్యం పట్టిందని ఎవరైనా చెబితే, ముందు షుగరు చూపించుకోమనే రకం నేను. తాయెత్తులన్నా మంత్రాలన్నా నాకు ఒళ్ళు మంట. ఉదయగిరిలో నా పురుగుమందుల అంగడికొచ్చి చేనుకు దిష్టి తగిలిందనే రైతుల్ని నిలబెట్టి తిట్టినవాణ్ణి.

నా కిడ్నీలు చెడిపోతే మా అక్క ఒకటిచ్చింది. ఆమెది ఆత్మకూరు. ఆ కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా నేను రోజూ మాత్రలు మింగాలి. అవి రోగాన్ని ఎదిరించే శక్తిని కూడా తగ్గిస్తాయి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి వైరస్ నరాల్లోనే నక్కి ఉంటుందట. సందు చూసుకుని పోయినేడు నా ఎడమ నడుం మీద అక్కిగా లేచింది. నిప్పులు పోసినట్టు పొక్కులు.

నెల్లూరు ఆసుపత్రిలో చేరాను. సెలైన్లో మందు ఎక్కిస్తూ, డాక్టరు కిడ్నీ మాత్రలు తగ్గించాడు. తగ్గించకపోతే అక్కి ఒళ్ళంతా పాకుతుంది, తగ్గిస్తే అక్క ఇచ్చిన కిడ్నీ పోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇక బంధువుల ఫోన్లు. అందరిదీ ఒకటే పాట, అక్కి రాయించమని. ఎర్రమన్ను తడిపి పొక్కుల మీద సింహం బొమ్మ గీసే ముసలాయన ఒకడు ఆత్మకూరులో ఉన్నాడు. ఆయన సింహాన్ని నేను చూశాను. దానికంటే మా వీధి పిల్లి నయం. పచ్చి పుండు మీద మట్టి పూసే ఆ తెలివికో దండం. అక్కనైతే ఫోన్లో ఇంకా గట్టిగా తిట్టాను.

మర్నాడు పొద్దున నర్సు దుప్పటి తీసి గయ్యిమంది. "చదువుకున్నోళ్ళు, మీరే మట్టి పూసుకుంటే ఎట్లా?"

చూస్తే నా కుడి పొత్తికడుపు మీద ఎర్రమన్ను, ఇంకా తడిగా. పొక్కులున్నది ఎడమ పక్క. మన్ను ఉన్నది అక్క కిడ్నీ పెట్టిన చోట.

అక్కి అంటుతుందని నన్ను విడిగా గదిలో పెట్టారు. నా భార్య తప్ప ఎవరూ రాలేదు. ఆమె మీద అరిచాను.

"బిడ్డల మీద ఒట్టు, నేను పూయలేదయ్యా. పూసేదాన్నయితే పొక్కుల మీద పూస్తా గదా!"

నర్సు దూదితో తుడిచి పారేసింది.

పొక్కులు మాడాయి, కిడ్నీ నిలిచింది. మందుతోనే, అందులో నాకు అనుమానం లేదు. ఇంటికి పోతూ ఆత్మకూరులో అక్క దగ్గర ఆగాం.

"నువ్వు రాయించుకోవని తెల్సు గదరా. అందుకే నేను రాయించుకున్నా, కిడ్నీ తీసిన కాడ. నీ లోపల ఉండేది నా ముక్కే గదా, యాడ రాస్తే ఏంది?" అంది.

ఇంత తిక్క వాదన నేనెక్కడా వినలేదు. ఎగతాళి చేద్దామని నోరు తెరిచాను.

"అయినా ఆ ముసిలోడు దొంగోడురా. సాయంత్రం రాసినాడా, తెల్లారి చూస్తే మన్ను ఆనవాలే లేదు. నేను నీళ్ళన్నా పోసుకోలా. చీరకన్నా అంటలా."

మన్ను మాయమైంది ఏ రోజు పొద్దునని అడిగాను. నర్సు నన్ను తిట్టిన రోజే.

ఆసుపత్రిలో నా ఒంటి మీద తేలిన మన్ను సంగతి అక్కకు చెప్పలేదు. ఆ మన్ను నా మీదికి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. ముసలాయన మీద గౌరవమూ పెరగలేదు, దిష్టి అనే రైతుల్ని తిట్టడమూ మానలేదు. మళ్ళీ అక్కి లేస్తే ఆసుపత్రికే పోతాను. అక్క రాయించుకుంటానంటే మాత్రం వద్దనను.