రెండో సంతకం

పోస్టుమాస్టరు మామ పోయినాడని మా యమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కబడ్డీ క్యాంపులో మోకాలికి ఐసు పెట్టుకోని కూర్చోనుంటి. ఆ పొద్దున్నే డాక్టరు ఇంగ ఆడితే నడిచేది కూడా కష్టమన్నాడు. ఆ మాట మొదట మామకే చెప్పుకుందామనుకుంటి. అందుకే నాకు ముందు ఏడుపు రాలా, భయమేసింది. సిగ్గుగా ఉన్నా నిజమే చెప్తాండా.

మామ మాకు చుట్టమేం కాదు. వాళ్ళు సాయిబులు, మా వీధే. కంబదూరు పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. నా ఇరవై రెండో ఏట ఒక లీగు జట్టు నన్ను వేలంలో కొనింది. ఇంటి నిండా జనం. ఒకడు కారు కొనమంటాడు, ఇంగొకడు ప్లాటు కొనమంటాడు. మామ మాత్రం కండ్లద్దాలు పైకి తోసుకోని నా మోకాలు చూసినాడు.

"ఏమప్పా, ఈ కాలు ఇంగ ఎన్నేండ్లు ఆడతాది?"

నాకు ఒళ్ళు మండింది. "ఆరేడేండ్లు ఆడతాది మామా, ఏం?"

"కడుపు డెబ్బై ఏండ్లు అడుగుతాది. ఆ కూడంతా ఈ ఆరేండ్లలోనే సంపాయించుకోవల్ల."

సీజను దుడ్లు రాంగనే డిపాజిట్ చేయించేవాడు. నెలకింతని జీతం మాదిరి నా చేతికిప్పిచ్చేవాడు. డిపాజిట్ తియ్యాలంటే నాది, ఆయనది రెండు సంతకాలూ కావల్ల. నీ సంతకం ఎందుకు మామా అంటే నవ్వినాడు. "నీకు లేదనడం చేతగాదు. నాకు చేతనయితాది. తిట్లు నాకు పడనీలే."

పడినాయి, మామూలుగా కాదు. చిన్నాయన జీపుకు, మేనత్త మిద్దెకు, అన్నిటికీ మామ లేదన్నాడు. లంకెబిందెల మీద పాము మాదిరి కూర్చున్నాడు ముసలోడు, అనిరి. నేను తినాల్సిన తిట్లన్నీ ఆయన తిన్నాడు. ఈ జన్మలో తీరే రుణం కాదది.

అందరికంటే మా నాయనతోనే కష్టం. చేతిలో నాలుగు దుడ్లు ఆడితే చాలు, మా సీమలో బోరేస్తారు. అది మా రోగం. మా చేన్లో అప్పటికే ఆరు బోర్లు, ఆరూ ఎండినవే. ఏడోదాంట్లో గంగమ్మ పైకొస్తాదని నాయన నమ్మకం. నీళ్ళు చూసేటోన్ని పిలిపించి, అరచేతిలో టెంకాయ పెట్టిచ్చి చేనంతా తిప్పినాడు. ఒకచోట టెంకాయ నిక్కి నిలబడింది. నాయన ఆయాసపడతా మామ ఇంటికి పరిగెత్తినాడు.

"టెంకాయకు అంత తెలిసింటే గుడికాడ పగిలేదానికి ఎందుకు పోతాదప్పా?" అన్నాడు మామ. నాయన రెండేండ్లు ఆయనతో మాట్లాడలా.

పోయిన నెల చూడబోతే మామ మంచం మీదుండాడు. "నేను పోతే నీ ఒక్క సంతకానికే దుడ్లొస్తాయి. లేదనే మనిషిని ఇంగొకర్ని చూసుకో, బిరీన" అన్నాడు. సరే మామా అన్నా. చూసుకోలా. అట్లాంటి మనిషి యాడ దొరుకుతాడు? మీకెవరైనా ఉంటే వాళ్ళను తిట్టుకోవద్దండి.

ఖబరస్తాన్‌లో మట్టివేసి వస్తాంటే చిన్నాయన నా భుజం మీద చెయ్యేసినాడు. "ఇంగ నీ సంతకమొక్కటే చాలంట గదా?"

నాయన మాత్రం మామ కోసం నిజంగానే ఏడుస్తాండాడు. మూడో దినం అన్నం ముందర కూర్చోని, "ఒక్క బోరు నాయనా, ఇదే కడాది" అన్నాడు. కాలి సంగతి అప్పుడే చెప్పాల్సింది. ఇంగ రాబడి లేదని, ఉండేవి ఆ డిపాజిట్లేనని చెప్పాల్సింది. నోరు తెరిస్తే "సరే" అని వచ్చింది. థూ, నా బతుకు.

ఇది చేనిగట్టున కూర్చోని రాస్తాండా. బోరుబండి తెల్లారినప్పట్నుంచి కొడతాండాది. ఎనిమిదొందల అడుగులు దాటినా తెల్లదుమ్మే లేస్తాండాది. నాయన ఆ దుమ్ములో చెయ్యిపెట్టి, తడి తగుల్తాదేమోనని పిసికి చూస్తాండాడు. ఇంగో రాడ్డు దించేముందు బండోడు ప్రతిసారీ నా తట్టు చూస్తాడు. నేను తలూపుతాండా.