తూము తాత చూపించని కాలువ

తూము తాత పోయాడని ప్రార్థన ముగిశాక ఏడో తరగతి పిల్ల వచ్చి చెప్పింది. "రెండ్రోజులే జరం టీచర్. తెల్లారి సచ్చిపోనాడు," అంది. వెంటనే, "మరి మూడో కాలవ మనకి ఎవులు సూపిస్తారు?" అని అడిగింది.

నరసన్నపేట నుంచి లోపలికి వెళ్తే వస్తుంది మా బడి ఉన్న ఊరు. ఊరికి మూడు చెరువులు. వాగు నుంచి ఒక కాలువ మొదటిదాన్ని నింపుతుంది; అది నిండితే పొర్లిన నీరు రెండో కాలువలో రెండోదానికి, అక్కణ్ణించి మూడో కాలువలో మూడోదానికి వెళ్ళాలి. వయసులో ఉన్నప్పటి నుంచీ తూములెత్తి, దించి పొలాలకు నీళ్ళు పంచింది తూము తాతే. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. పర్యావరణం పాఠం ఊరివాళ్ళ చేత చెప్పించాలనుకున్నప్పుడు మొదట ఆయన ఇంటికే వెళ్ళాను.

తాత బడికి వచ్చిన మొదటి రోజున, గోడకున్న, మేం గీసిన చెరువుల చార్టు తీయించి, నేల మీద పరిపించి, చుట్టూ తిరిగి చూశాడు. "ఏటమ్మా పంతులమ్మా, మీ బడిలో నీరు మెరకెక్కతాదేటి?" అన్నాడు. పిల్లలు ఘొల్లుమన్నారు. ఆ ఊళ్ళోనే పుట్టిన పిల్లలూ, రోజూ చెరువు గట్టు మీదే స్కూటీ నడిపే నేనూ కలిసి, క్లాసులో కూర్చుని నీళ్ళను ఎత్తుకు పంపించాం. సిగ్గేసింది.

ఆ తర్వాత శనివారాలు ఆయనవే. చెప్పులు విప్పించి నడిపించేవాడు. "పల్లం కంటికి తెలవదు, కాలికి తెలస్తాది," అనేవాడు. తూము నోట్లో చిప్స్ కవర్లు ఇరుక్కుంటే పిల్లల చేతే తీయించి, అవి ఎవరి కొట్లో కొన్నవో వాళ్ళనే అడిగేవాడు. కుర్చీ వేస్తే తువ్వాలుతో రెండుసార్లు తుడిచి, చివరికి నేల మీదే కూర్చునేవాడు. అలా రెండు కాలువలు పిల్లల నోటుపుస్తకాల్లోకి ఎక్కాయి.

మూడోది మిగిలిపోయింది. ఇళ్ళ స్థలాలకని నేల చదును చేసి, రాళ్ళు పాతి, దాన్ని పూడ్చేశారు. ఊరి పటంలో అది లేదు. నిరుడు మూడో చెరువుకు నీరు చేరక దాని కింద వరి నారు పోసిన ఆకుమళ్ళు ఎండిపోయాయి. ఆ ఏడో తరగతి పిల్ల వాళ్ళ మడి కూడా అక్కడిదే. జాడ చూపిస్తే వానల్లోపు తవ్విస్తామని పంచాయతీవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ జాడ తెలిసింది తాతొక్కడికే; శనివారం పిల్లలతో నడిచి చూపిస్తానన్నాడు.

రెండు శనివారాలు నేనే వాయిదా వేశాను. ఒకసారి ఇన్‌స్పెక్షన్, ఇంకోసారి పరీక్ష పేపర్లు. ఆ రెండోసారి ఆయన వచ్చి బడి వరండాలో కూర్చున్నాడు. "కాయితాలు దిద్దుకోమ్మా. వానలు ఇంకా దూరం ఉన్నాయి," అని నన్నే ఓదార్చి వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను దిద్దిన పేపర్లలో నీటి సంరక్షణ మీద ఒక ప్రశ్న ఉంది. అందరూ బాగానే రాశారు, మార్కులూ వేశాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం ఎవరితో చెప్పుకోను?

తాత పోయాక, మొన్న శనివారం పిల్లల్ని ఆ చదును నేలకు తీసుకెళ్ళాను. ఊరి పెద్దాయన ఒకరు కాలువ కరెంటు స్తంభం పక్క నుంచి పోయేదన్నారు. ఇంకొకరు కాదు, తాటిచెట్ల వైపన్నారు. ఇద్దరూ నిజం చెబుతున్నామనే అనుకుంటున్నారు. మబ్బులు అప్పటికే దిగి ఉన్నాయి.

నేను చెప్పలేదు, పిల్లలే తాగే నీళ్ళ బాటిళ్ళు తీశారు. నీరు ఎటు పారితే అటే కాలువ ఉండేదని వరసగా కూర్చుని నేల మీద వంపారు. నీరు జానెడు దూరం కూడా పోలేదు. పోసినచోటే ఇంకిపోయింది. ఒక్కరూ లేవలేదు. ఖాళీ బాటిళ్ళు పట్టుకుని, ఆ తడి మచ్చల వంకే చూస్తూ కూర్చున్నారు.